ఎలా చూశారని అడిగిందెవరు?

మన కాలేజీల్లో ఎవడైనా కాస్త తిక్కగా మాట్లాడితే చాలు, "వీణ్ణి వాల్తేరు పంపాల్రా" అనేస్తాం. హైదరాబాదు మిత్రులైతే "ఎర్రగడ్డ" అంటారు. ఊరు మారింది గానీ మాట ఒకటే. వాల్తేరులోనే వుండి చదువుకుంటూ ఒకణ్ణొకడు వాల్తేరు పంపుతాననటంలో వున్న తమాషా మనకి తట్టదు. ఇక్కడి మానసిక వైద్యశాల 1871లో వెలిసింది. మన విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. అంటే మనకంటే యాభై అయిదేళ్ళు పెద్ద. ఇన్ని దశాబ్దాలుగా ఒకే సముద్రపు గాలి పీలుస్తున్నాం, ఒకే బస్సుల్లో తిరుగుతున్నాం. అయినా అలాంటి ఆసుపత్రిలో, ఈ వూళ్ళోదే కానక్కర్లేదు, ఎక్కడిదైనా సరే, కొన్నాళ్ళుండి వచ్చిన మనిషిని "అక్కడ మిమ్మల్ని ఎలా చూశారు?" అని మనలో ఎంతమంది అడిగి వుంటారు? సరే, మనం కుర్రకారు. ఆసుపత్రులు నడిపే ప్రభుత్వాలైనా అడిగాయా?

లెక్కలు లేవని కాదు. బోలెడు వున్నాయి. మంచాలెన్ని, ఓ.పి. చీటీలెన్ని తెగాయి, ఎందరిని చేర్చుకున్నారు, ఎందరిని డిశ్చార్జి చేశారు, మందులకెంత ఖర్చయింది, అన్నీ రిజిస్టర్లలో వుంటాయి. బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపి, పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారనీ, వాళ్ళలో అత్యధికులకి అసలు వైద్యమే అందటం లేదనీ తేల్చారు. (ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. మన సంగతి మనకే తెలియదన్నమాట.) 2022 అక్టోబరు 10న టెలీ-మానస్ పేరిట 14416 నంబరు మీద ఫోను సర్వీసు పెట్టారు. ఇన్ని లక్షల కాల్స్ వచ్చాయని ప్రకటనలు వస్తుంటాయి. సంతోషమే. కాని ఫోను పెట్టేశాక ఆ మనిషికి గుండె బరువు కాస్త దిగిందా, లేక "వీళ్ళతో చెప్పుకోవటం కూడా దండగే" అనిపించిందా? ఆ సంగతి కాల్స్ సంఖ్య చెప్పదు. ఎన్ని టిక్కెట్లు తెగాయో ఆర్టీసీ వాళ్ళు చెప్పగలరు. జనం కూర్చుని వెళ్ళారో, ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వెళ్ళారో టిక్కెట్టు మీద రాసి వుండదు కదా!

ఏ ఆసుపత్రికైనా యిదే మాట వర్తిస్తుందని ఎవరైనా అనవచ్చు. నిజమే గాని యిక్కడ ఒక తేడా వుంది. జ్వరంతో వెళ్ళినవాడికి ఒక డాక్టరు నచ్చకపోతే యింకో డాక్టరు దగ్గరకి పోతాడు. మానసిక వైద్యశాలలో చేరేవాళ్ళలో కొందరిని తమ యిష్టం లేకుండానే తీసుకొస్తారు. తలుపుకి తాళం వుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మనిషి మాటకి విలువ పడిపోయి వుంటుంది. కాలు విరిగినవాడు "నర్సు నన్ను కసిరింది" అంటే వెంటనే నమ్ముతాం. మతి చెడిందని చీటీ రాయించుకున్నవాడు అదే ముక్క అంటే "పాపం, వాడికలా అనిపిస్తుంది" అంటాం. చెప్పినా నమ్మరని తెలిసినవాడు చెప్పటం మానేస్తాడు. వాడు చెప్పలేదు కాబట్టి అంతా సవ్యంగానే వుందని మనం రాసుకుంటాం.

పాశ్చాత్య దేశాల్లో రోగుల్ని అడగటం అనే పనిని ఒక పద్ధతిలో పెట్టాలని 1970ల్లోనే ప్రయత్నాలు మొదలయ్యాయి. 1979లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లార్సెన్, అట్కిసన్ మొదలైనవారు ఒక ప్రశ్నాపత్రం అచ్చు వేశారు. ఎనిమిదే ప్రశ్నలు. ఒక్కో దానికీ 1 నుంచి 4 వరకు మార్కులు. మొత్తం మీద 8కి తగ్గవు, 32కి మించవు. చౌక, సులువు, అయిదు నిమిషాల పని, అందుకని దేశదేశాలకీ పాకింది. చిక్కల్లా ఏమిటంటే ఎక్కడ పెట్టినా మార్కులు పై గళ్ళల్లోనే పడుతుంటాయి. క్లాసులో అందరికీ ఫస్టుక్లాసు వచ్చిందంటే విద్యార్థులందరూ మేధావులైనా అయివుండాలి, పేపరైనా మరీ తేలికై వుండాలి. ఏది నిజమో లెక్చరర్లకి వేరే చెప్పక్కర్లేదు.

అలా ఎందుకు జరుగుతుందో బ్రిటన్‌లో విలియమ్స్, కోయిల్, హీలీ అనే ముగ్గురు పరిశోధకులు 1998లో వివరించారు. మానసిక వైద్య సేవలు పొందినవాళ్ళతో తీరిగ్గా కూర్చుని మాట్లాడితే చేదు అనుభవాలు ఒకటొకటిగా బయటపడ్డాయి. అయినా ఆ మనుషులే కాగితం మీద "తృప్తిగా వుంది" అనే గడిలో టిక్కు పెడతారు. ఎందుకయ్యా అంటే, "అది వాళ్ళ డ్యూటీ కాదు కదా" అనో, "పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, అంతమందిలో" అనో తమకి తామే సర్దిచెప్పుకుంటారు. జరిగింది వేరు, జరిగినదానికి యిచ్చే తీర్పు వేరు. మనం కాగితం మీద అడిగేది తీర్పునే. ఆ తీర్పులో క్షమాపణ కూడా కలిసిపోయి వుంటుంది.

ఇంగ్లీషువాళ్ళ సంగతే అలా వుంటే మన సంగతేమిటి? అసలు "సంతృప్తి" అనే మాట మన నోటి మాట కాదు. పెళ్ళిభోజనం చేసి లేచినవాడు కూడా "సంతృప్తి చెందాను" అనడు. అడిగితే వచ్చే జవాబు "ఫర్వాలేదండీ". ఈ ఫర్వాలేదు ఎంత గడుసు మాటో చూడండి. పరీక్ష బ్రహ్మాండంగా రాసినవాడూ ఫర్వాలేదంటాడు, తప్పుతానని తెలిసినవాడూ ఫర్వాలేదంటాడు. కాలు తొక్కినవాడు క్షమాపణ చెపితే అప్పుడూ ఫర్వాలేదే. "చాలా సంతృప్తి, సంతృప్తి, మధ్యస్థం, అసంతృప్తి, చాలా అసంతృప్తి" అని అయిదు గళ్ళు గీసిన కాగితం పట్టుకుని వెళితే యీ ఫర్వాలేదుని ఏ గడిలో వెయ్యాలి? రాసుకునేవాడు తనకి తోచిన గడిలో వేస్తాడు. సాధారణంగా పై గడిలోనే వేస్తాడు, వాడికీ ఉద్యోగం వుంది మరి.

మన భాషలో దీనికి సరైన మాట లేకపోలేదు. "చూడటం" అనే మాట. "డాక్టరుగారు చూశారా?" అంటే పరీక్ష చేశారా అని. "కోడలు బాగా చూస్తోందా?" అంటే ఆదరిస్తోందా అని. కళ్ళతో చూడటం, వైద్యం చెయ్యటం, మనిషిగా ఆదరించటం, మూడూ ఒకే క్రియలో వున్నాయి. పల్లెటూరి ముసలమ్మ "డాక్టరు చూశాడు గానీ చూళ్ళేదు నాయనా" అంటే మనం అర్థం చేసుకోగలం. ఆ వాక్యాన్ని ఏ ఇంగ్లీషు ప్రశ్నాపత్రమూ పట్టుకోలేదు.

మా వీధిలో ఒక పెద్దావిడ వున్నారు. మేమంతా అత్తయ్యగారూ అని పిలుస్తాం. కొన్నేళ్ళ క్రితం ఒక ఆసుపత్రిలో, పేరు అనవసరం, మూడు వారాలుండి వచ్చారు. వచ్చిన కొత్తలో ఎవరడిగినా "బాగానే చూశారు, ఫర్వాలేదు" అనేవారు. ఎనిమిది నెలల తర్వాత ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, ఎవరూ అడక్కుండానే అన్నారు: "కళ్ళజోడు తీసేసుకున్నారు బాబూ. మూడు వారాలూ ఎవరొస్తున్నారో మొహం తెలిసేది కాదు. సూదికొస్తున్నారో అన్నానికొస్తున్నారో దగ్గరికొచ్చేదాకా తెలియదు." మరి అడగలేదా అత్తయ్యగారూ అంటే, "అడిగితే జబ్బింకా తగ్గలేదనుకుంటారని వూరుకున్నా" అన్నారు. అద్దంతో ఎవరైనా గాయం చేసుకుంటారని ముందుజాగ్రత్త కోసం తీసివుంటారు, అది నాకూ తెలుసు. కాని ఆవిడ మంచి చెడ్డా చూసి కళ్ళజోడు తిరిగి యివ్వవచ్చని చెప్పే మనిషి అక్కడ లేకపోయాడు. ఏ ఫారంలోనూ కళ్ళజోడు గురించి ప్రశ్న వుండదు. మూడు వారాలు తనకి జరిగిన వైద్యమంటే ఆవిడకి గుర్తున్నది ఆ ఒక్కటే.

అందుకే "తృప్తిగా వుందా?" అని కాక "ఏం జరిగింది?" అని అడగాలంటున్నారు యీ విషయం తెలిసినవాళ్ళు. జరిగినదాన్ని లెక్కపెట్టవచ్చు. 1973లో అమెరికాలో రోజెన్‌హాన్ అనే సైకాలజీ ప్రొఫెసరు 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. సైకాలజీ విద్యార్థులందరూ చదివే వ్యాసమే. ఎనిమిదిమంది ఆరోగ్యవంతులు రోగులుగా నటించి 12 ఆసుపత్రుల్లో చేరారని చెబుతాడు. అందరూ ఆ నాటకం గురించే మాట్లాడుకుంటారు. నాకు మాత్రం అందులో ఒక చిన్న పట్టిక ముఖ్యమనిపిస్తుంది. వార్డులో నడిచిపోతున్న సైకియాట్రిస్టుని రోగి మర్యాదగా ఒక ప్రశ్న అడిగితే ఆయనేం చేశాడు? నూటికి 71 సార్లు తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆగి మాట్లాడింది నూటికి 4 సార్లు. ఆ వ్యాసంలోని సంగతులన్నీ నిజమేనా అని సుసానా కహాలన్ అనే జర్నలిస్టు 2019లో ఒక పుస్తకమే రాసి గట్టి అనుమానాలు లేవనెత్తింది. కాబట్టి ఆ అంకెల మీద నేను పందెం కాయను. కాని కొలవవలసిన వస్తువేదో ఆ పట్టిక సరిగ్గా పట్టుకుంది. డాక్టరు ఆగాడా లేదా? మొహంలోకి చూశాడా లేదా? దీనికి సంతృప్తులూ అసంతృప్తులూ అక్కర్లేదు. అవుననో కాదనో చెప్పవచ్చు.

ఏం అడగాలన్నది ఒక ఎత్తు. ఎవరు అడగాలన్నది యింకో ఎత్తు, నా ఉద్దేశంలో అదే పెద్ద ఎత్తు. దీనికి కరెంటు షాకు వైద్యం మీద జరిగిన ఒక పరిశీలనని మించిన నిదర్శనం లేదు. లండన్ కింగ్స్ కాలేజీలో డయానా రోజ్ అనే పరిశోధకురాలు వుండేది. ఆవిడ స్వయంగా మానసిక వైద్యం పొందిన మనిషి, ఆ సంగతి ఎక్కడా దాచుకోలేదు. ఆవిడా, ఆవిడ సహచరులూ కలిసి 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో షాకు వైద్యం గురించి రోగుల అభిప్రాయాలు సేకరించిన 35 అధ్యయనాల్ని పక్కపక్కన పెట్టి చూశారు. 26 డాక్టర్లు చేసినవి, 9 రోగులే చేసినవి లేక రోగుల భాగస్వామ్యంతో జరిగినవి. వైద్యం ఒకటే, జబ్బులూ అవే. కాని డాక్టర్లు అడిగినప్పుడు "మేలు జరిగింది" అన్నవాళ్ళు ఎక్కువ, రోగులు అడిగినప్పుడు తక్కువ! కారణాలు వెతికితే కనిపించినవి చాలా మామూలు సంగతులు. వైద్యం అయిన కొద్దిరోజులకే, ఆసుపత్రిలోనే, వైద్యం చేసిన డాక్టరే, నాలుగు పొడి ప్రశ్నలు అడిగితే ఒక రకం జవాబు వస్తుంది. కొంతకాలం గడిచాక, బయట, తనలాంటి మనిషే అడిగితే యింకో రకం జవాబు వస్తుంది. జ్ఞాపకశక్తి పోయిందని, అది తిరిగి రాలేదని చెప్పినవాళ్ళు కనీసం మూడింట ఒక వంతు వున్నారు.

దీన్ని పట్టుకుని షాకు వైద్యం చెడ్డదని వాదించటం నా వుద్దేశం కాదు. దానివల్ల బతికి బట్టకట్టినవాళ్ళూ వున్నారు. నేననేది కొలబద్ద గురించి. మామగారి ఎదుట కొత్తల్లుణ్ణి "మర్యాదలు సరిగ్గా జరిగాయా బాబూ?" అని అడిగితే వాడేం చెబుతాడు?

ఆ బృందమే ఆసుపత్రిలో వున్న రోగుల కోసం 'వాయిస్' అనే 19 ప్రశ్నల పత్రం తయారుచేసి 2012లో ప్రచురించింది. ప్రశ్నలు డాక్టర్లు కూర్చుని రాసినవి కావు. వార్డుల్లో వుండి వచ్చినవాళ్ళని గుంపులుగా కూర్చోబెట్టి, మీకు ఏది ముఖ్యం అని అడిగి, వాళ్ళ మాటల్లోంచే ప్రశ్నలు ఏరారు. అడిగినవాళ్ళు కూడా ఒకప్పుడు రోగులే. బలవంతాన చేర్చినవాళ్ళ అనుభవం స్వచ్ఛందంగా చేరినవాళ్ళ కంటే బాగా చేదుగా వుందని ఆ పత్రం తేల్చింది. దీంట్లో ఆశ్చర్యమేముంది అనవచ్చు. కాని రేపు రెండు ఆసుపత్రుల మార్కులు పోల్చాలంటే ఎక్కడ ఎందరు బలవంతాన చేరారో ముందు చూడాలి. లేకపోతే కష్టమైన కేసులు తీసుకునే ప్రభుత్వాసుపత్రికి అన్యాయం జరుగుతుంది.

ఇక్కడ పెద్దలొక ఆక్షేపణ చేస్తారు. మనసే బాగోలేనివాడి మాటని కొలతగా ఎలా తీసుకుంటాం? దిగులులో వున్నవాడికి లోకమంతా చీకటిగానే కనిపిస్తుంది కదా? ఆక్షేపణ తేలికైనది కాదు. దిగులు జవాబుల మీద ప్రభావం చూపుతుంది, సందేహం లేదు. కాని దిగులుగా వున్నవాడికి అన్నం చప్పగా అనిపించవచ్చుగాని, అన్నం పెట్టారా లేదా అన్నది దిగులు మీద ఆధారపడదు. ఒకడు "రాత్రిపూట మరుగుదొడ్డికి తాళం వేస్తారు" అంటే భ్రమ అనుకుందాం. ఒకే వార్డు నుంచి వేరువేరు నెలల్లో వచ్చిన నలభైమందిలో ముప్పైమంది అదే చెబితే? ముప్పైమందికి ఒకే భ్రమ కలగదు. స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంటు మిత్రులు దీన్ని నాకంటే బాగా చెప్పగలరు. మరొక సంగతి. లెక్చరరుగారి తలనొప్పి ఆరోజు దిద్దిన పేపర్ల మీద కూడా ప్రభావం చూపుతుంది. అందుకని మార్కులు వెయ్యటం మానేశామా?

మన దేశంలో యిలా అడక్కపోవటం వల్ల ఏం జరిగిందో కొంచెం చూద్దాం. 1999లో జాతీయ మానవ హక్కుల సంఘం నిమ్‌హాన్స్ సహాయంతో దేశంలోని 37 మానసిక వైద్యశాలల్ని పరిశీలించి నివేదిక యిచ్చింది. చాలాచోట్ల కట్టడాలు యింకా జైళ్ళ వాటంగానే వున్నాయంది. రెండేళ్ళు తిరిగాయో లేదో, 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఎర్వాడి అనే వూళ్ళో ఒక ప్రైవేటు షెడ్డు తగలబడి, గొలుసులతో కట్టేసి వున్న 28 మంది చనిపోయారు. వాళ్ళని ఎలా చూస్తున్నారని అంతకుముందు ఎవరైనా వెళ్ళి ఆ గొలుసుల్లో వున్నవాళ్ళనే అడిగివుంటే! 2023 జనవరిలో అదే మానవ హక్కుల సంఘం గ్వాలియరు, ఆగ్రా, రాంచీ ఆసుపత్రులు చూసి వచ్చి, దేశంలోని 46 ప్రభుత్వ మానసిక వైద్య సంస్థల పరిస్థితి అమానుషంగా వుందని, జబ్బు నయమైనవాళ్ళని కూడా అక్రమంగా వుంచేస్తున్నారని నోటీసులిచ్చింది. ఇరవైనాలుగేళ్ళ తర్వాత కూడా పైనుంచి ఎవరో పెద్దమనుషులు వచ్చి చూసి బాధపడి వెళ్ళటమే మన కొలమానం. వాళ్ళు వచ్చే రోజున దుప్పట్లు మారుస్తారని హాస్టల్లో వున్న మనకి తెలియదా?

చట్టం మాత్రం మంచిదే వచ్చింది. 1912 నాటి లూనసీ యాక్టు పోయి 1987 చట్టం, అదీ పోయి 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాయి. ఆఖరుది 2018 మే 29 నుంచి అమల్లో వుంది. అందులో 20వ సెక్షను తీసి చదవండి. లా కాలేజీ మిత్రుల్ని అడిగితే యిస్తారు. బలవంతాన గుండు చేయించగూడదు. సొంత బట్టలు కట్టుకుంటానంటే కట్టుకోనివ్వాలి, యూనిఫారం రుద్దగూడదు. వెట్టి చేయించగూడదు, చేసిన పనికి డబ్బివ్వాలి. మరుగు వుండాలి. ఆడవాళ్ళకి నెలసరికి కావలసినవి అందాలి. కొట్టటం, తిట్టటం పనికిరాదు. నాకేమనిపిస్తుందంటే, ప్రశ్నాపత్రం కోసం మనం లండన్ దాకా పోనక్కర్లేదు, యీ సెక్షనే ప్రశ్నాపత్రం. దీన్ని వాడుకమాటల్లోకి దించితే చాలు. "మీకు గుండు చేయించారా? చేయించేముందు మిమ్మల్ని అడిగారా?" "స్నానాల గదికి లోపల గడియ వుందా?" "వార్డు వూడిపించారా? డబ్బులిచ్చారా?" వీటికి ఫర్వాలేదు అనే జవాబు కుదరదు. నేనయితే యింకో ప్రశ్న చేరుస్తాను: "మిమ్మల్ని మీరు అన్నారా, నువ్వు అన్నారా, ఏయ్ అన్నారా?" ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషిని గేటు దాటగానే "ఒరేయ్" అంటే ఆయనకి సగం జబ్బు అక్కడే ముదురుతుంది. ఇంగ్లీషులో అందరూ 'యూ'యే గనక యీ ప్రశ్న వాళ్ళ పత్రాల్లో వుండే అవకాశం లేదు. మనకి తప్పనిసరి.

అదే చట్టంలో 28వ సెక్షను రోగికి ఫిర్యాదు చేసుకునే హక్కు యిచ్చింది. ముందుగా ఎవరికి? ఆ ఆసుపత్రి అధికారికే! అక్కడ తృప్తి కలగకపోతే రివ్యూ బోర్డుకి, ఆపైన రాష్ట్ర అథారిటీకి. కాగితం మీద బాగానే వుంది. కాని డిశ్చార్జి చీటీ మీద సంతకం చెయ్యవలసిన చేతికే ఫిర్యాదు అందించే ధైర్యం ఎందరికుంటుంది? అందుకే హక్కు వేరు, అడగటం వేరు అంటున్నాను. హక్కు రోగిని లేచి రమ్మంటుంది. అడగటమంటే మనమే లేచి వెళ్ళటం. రివ్యూ బోర్డులో రోగులో, వాళ్ళని చూసుకునేవాళ్ళో, స్వచ్ఛంద సంస్థలవాళ్ళో యిద్దరు సభ్యులుగా వుండాలని చట్టం చెబుతోంది. ఆ రెండు కుర్చీల్లో కనీసం ఒకటైనా లోపల వుండి వచ్చిన మనిషికి దక్కాలి.

చేసి చూసినవాళ్ళు లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో 'క్వాలిటీ రైట్స్' అనే పరిశీలన పద్ధతి ప్రకటించింది. దాన్ని గుజరాత్‌లో కొన్ని ప్రభుత్వ మానసిక వైద్య కేంద్రాల్లో అమలుపెట్టారు. రోగుల్నీ సిబ్బందినీ కూర్చోబెట్టి అడిగి, లోపాలు దిద్ది, తిరిగి కొలిచారు. మార్పు కనిపించిందని 2019లో ఫలితాలు వచ్చాయి. గుజరాత్‌లో సాధ్యమైంది గోదావరి ఒడ్డున అసాధ్యం కాబోదు.

కుటుంబం గురించి కూడా ఒక మాట. మన దగ్గర రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాడు. తండ్రో, మొగుడో, అన్నో వెంట వుంటారు. అది మనకి గొప్ప బలం, పాశ్చాత్యులకి లేనిది. కాని ప్రశ్న అడిగితే జవాబు చెప్పేది కూడా వాళ్ళే. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ 'మేరా అస్పతాల్' అని ఫోను ద్వారా, మెసేజీల ద్వారా రోగుల అభిప్రాయం అడిగే ఏర్పాటు పెట్టింది. మంచి ఆలోచన. ఓ.పి. చీటీ మీద రాయించిన ఫోను నంబరు ఎవరిది? చాలా ఇళ్ళల్లో మొగుడిది. చేర్పించినవాణ్ణి అడిగితే చేర్చటం మంచిదయిందనే చెబుతాడు. ఆయన మాట అక్కర్లేదని కాదు, అది విడిగా రాసుకోవాలి. 2019లో హన్స్ ఫౌండేషన్ వారు 43 ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో చూస్తే, లోపల వున్నవాళ్ళలో మూడో వంతుకి పైగా ఏడాదో అంతకన్నా ఎక్కువో అక్కడే వుండిపోయినవాళ్ళని తేలింది. తీసుకెళ్ళటానికి ఎవరూ రానివాళ్ళు ఎందరో. వీళ్ళకి ఫోనూ లేదు, మెసేజీ లేదు, డిశ్చార్జి రోజు ఫారమూ లేదు.

నర్సుల్నీ వార్డుబోయ్‌లనీ తిట్టటానికి యిది రాయటం లేదు. ఒక్క మనిషి ఒక రాత్రి మొత్తం వార్డు చూసుకోవలసివస్తే ఎవరైనా కసురుకుంటారు. వాళ్ళనీ ఎవరూ అడగటం లేదు, అది వేరే వ్యాసానికి వస్తువు.

ఇంతకీ యిందులో మన పని ఏమిటి? ఉంది. సైకాలజీ, సోషల్ వర్కు, స్టాటిస్టిక్స్, తెలుగు, లా, యీ అయిదు డిపార్ట్‌మెంట్లూ ఒకే ఆవరణలో వున్న చోటు యింకెక్కడుంది? ఏటా ఎం.ఏ. విద్యార్థులు పరీక్ష కోసం రాసి బీరువాల్లో పడేసే ప్రాజెక్టు రిపోర్టులు ఎన్ని! ఆసుపత్రి అనుమతి, రోగి సమ్మతి తీసుకుని, డిశ్చార్జి అయిన నెలకో రెండు నెలలకో ఇంటికి వెళ్ళి, లోగడ రోగిగా వున్న ఒకరిని వెంటబెట్టుకుని, మన తెలుగులో అడగవచ్చు. పేర్లు రాసుకోకూడదు. వచ్చిన జవాబులు ఆసుపత్రి గోడ మీద తెలుగులోనే అంటించాలి. పక్కనే, దాన్ని బట్టి ఏం మార్చారో కూడా రాయాలి. రెండోది లేకపోతే మొదటిది దండగ, మూడోసారి వెళ్ళేటప్పటికి ఎవరూ నోరు విప్పరు.

అంత దూరం పోలేమంటే, మన ఇంటి సంగతే వుంది. 2023లో విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న ఒక విద్యార్థిని చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెబుతూ, నూరుగురు గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సిలరుని కనీసం ఒకరిని నియమించాలంది. నియమిస్తారు. ఇన్‌స్పెక్షన్ ఫారంలో "కౌన్సిలరు కలరా?" అనే గడి వస్తుంది, "కలరు" అని రాస్తారు. ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళకి ఏం జరిగింది, చెప్పుకున్నది గదిలోనే వుందా, వార్డెనుగారి చెవికి చేరిందా, రెండోసారి మళ్ళీ వెళ్ళాలనిపించిందా, ఆ గడికి తెలియదు. అడగవలసింది స్టూడెంట్స్ యూనియనే. టర్ముకొకసారి, పేరు లేని చీటీ. డబ్బా ప్రిన్సిపాలుగారి ఆఫీసు ముందు పెట్టగూడదు, లైబ్రరీలో పెట్టాలి. చీటీలు విప్పి చదివేది యింకో కాలేజీ విద్యార్థులై వుండాలి. వచ్చే ఏడు యూనియను బాధ్యతలు తీసుకునేవాళ్ళు ఒప్పుకుంటే మొదటి ప్రశ్న నేనే రాసిస్తాను: "మీరు ఆ గదిలోకి వెళుతుంటే బయట ఎంతమంది చూశారు?"